మట్టి చూసిన కడియం

“ఇంట్లో మట్టి చూసిన సొమ్ము ఉంది” అని క్లా తాత అన్నప్పుడు నెజ్బాకు ముందు కోపం వచ్చింది, భయం ఆ తర్వాత వచ్చింది. వ్యాపారం చేసేవాళ్లకు ఎప్పుడూ అదే వరస. ముందు కొట్టు పరువు గుర్తొస్తుంది, ప్రాణం తర్వాత గుర్తొస్తుంది.

“నా కొట్లోనా? గాలప్ రోడ్డు పొడుగునా ఇన్ని కొట్లున్నాయి తాతా. శవాల గుంతలు తవ్వి తెచ్చిన వెండి నేను కొంటానని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నిన్న ఆ ముసలామె చెయ్యి చెప్పింది. పక్కనే ఉన్నావుగా, నువ్వూ చూశావు.”

చూసింది. జబ్బు ఎటునుంచి వచ్చిందో వెతికే ఆ ముసలామె కళ్లు మూసుకుని కూచుంటే ఆమె చెయ్యి తనంతట తనే వణకడం మొదలుపెట్టింది. వణుకుతూ వణుకుతూ గుండ్రటింటి లోపలంతా తిరిగి, కొట్టు ఉన్న వైపు గోడ దగ్గర ఆగిపోయింది. ఆ గోడ పక్కనే నెజ్బా కూతురు వర్లీన్ గొర్రెతోళ్ల మీద పడుకుని ఉంది.

వర్లీన్‌కు నిండు కడుపు. ఆ కడుపు తప్ప ఒంట్లో ఇంకేమీ మిగల్లేదు. మొక్కజొన్న జావ గొంతు దాకా వెళ్లి తిరిగొచ్చేది. కన్ను మూతపడితే చాలు, తలుపు దగ్గర ఎవరో నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నారని ఉలిక్కిపడి లేచేది. పట్నం ఆసుపత్రి వాళ్లు నెత్తురు తీసి చూశారు, సూదితో బలం ఎక్కించారు, బిడ్డ గుండె కొట్టుకుంటోందని చెప్పారు. అక్కడున్నన్నాళ్లూ కాస్త తేరుకుంది. ఇంటికి తెచ్చాక మళ్లీ మొదటికొచ్చింది.

పాటలు పాడి జబ్బు నయం చేసే క్లా తాత తన మూట విప్పలేదు. దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూచున్నాడు. మూట విప్పని వైద్యుణ్ణి చూస్తే, తూకం వేయకుండా సరుకును పక్కకు నెట్టేసిన కొనుగోలుదారు గుర్తొచ్చాడు నెజ్బాకు.

“నాకు రెండు సంగతులు కావాలి” అన్నాడు తాత. “ఆ సొమ్ము ఏదో తెలియాలి. దాంతో పాతిపెట్టింది మనవాళ్లనో, పరాయివాళ్లనో తెలియాలి. వెండి చదవడం నీ విద్య, నా విద్య కాదు.”

రెండో మాటలోనే ఉంది చిక్కంతా. పోయినవాళ్లు తమ నవాహో తెగవాళ్లయితే ఒక క్రతువు, ఆ పాటలు ఎప్పుడైనా పాడతారు, రేపే మొదలుపెట్టొచ్చు. పరాయి తెగవాళ్లో తెల్లవాళ్లో అయితే క్రతువే వేరు. దానికి కొట్టే డప్పు వేసవిలోనే కొట్టాలి, నేల మీద మంచు ఉండగా కొట్టరు. బయట గొర్రెల దొడ్డి కంచె సగం దాకా మంచులో కూరుకుపోయి ఉంది. నెజ్బా కూతురి వైపు చూసి, కొట్టుకొచ్చిన పాత సొమ్మును చూసినట్టే చూసి, ఎన్నాళ్లు నిలుస్తుందో అంచనా వేసింది. వేసవి దాకా నిలవదు. కన్నబిడ్డను అలా లెక్కగట్టినందుకు తనను తనే తిట్టుకుంది. తిట్టుకున్నా లెక్క మారలేదు.

“తాతా” అని బయటి నుంచి గొంతు వినిపించింది. అల్లుడు ఎల్రాయ్. అత్త లోపల ఉంటే అతను లోపలికి రాడు. అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే కళ్లు పోతాయి కాబట్టి తలుపుకు వేలాడదీసిన కంబళి అవతలే నిలబడ్డాడు. “తాతా, నా పెళ్లాం తల్లికి చెప్పు. ఆ కొట్టు తగలబెడతానంటే అగ్గిపుల్ల నేనిస్తాను.”

“అవతల మొరిగేదానికి చెప్పు తాతా” అంది నెజ్బా. “వాడు తినే మాంసం ఆ కొట్లోంచే వస్తోందని.”

“మీ ఇద్దరి మధ్యా నేను టెలిఫోను తీగనా?” అన్నాడు తాత. “ఏదైనా ఉంటే ఆ కుక్కతో చెప్పుకోండి.”

నెజ్బా లేచింది. పోయేముందు కూతురి మణికట్టు మీది కడియం సరిచేసింది. ఆసుపత్రిలో ఒంటి మీది వెండి తీసేయాలన్నారు, తీసి కాగితం సంచిలో పెట్టి ఇచ్చారు. ఇంటికి రాగానే తనే మళ్లీ తొడిగింది. ఒంటి మీద ఫిరోజా రాయి లేకపోతే దేవుళ్లు రోగిని పోల్చుకోలేరు. చిక్కిన మణికట్టు మీద కడియం జారిపోతుంటే కొంచెం దగ్గరకు నొక్కింది.

వర్లీన్ కళ్లు తెరిచింది. “అమ్మా, పిలుస్తోంది.”

“ఎవరే?”

“ఎవరో ఆడమనిషి.”

*

కొట్లో వెండినంతా తెచ్చి కిటికీ కింద గొర్రెతోలు మీద పోసింది. డెబ్బైల మొదట్లో తెల్లవాళ్లకు నవాహో వెండి పిచ్చి పట్టింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, మెడలో ఉన్నది ఉన్నట్టు అడిగి, విప్పించుకుని పోయేవారు. ధర పెరిగితే దొంగ పుడతాడు. మునిగిపోయిన తాకట్లు బయటికొచ్చాయి, నకిలీలు వచ్చాయి. రాత్రికి రాత్రి గుంతలు కూడా తవ్వుతున్నారని గుసగుస వచ్చింది. నెజ్బా ఆ గుసగుస విన్నది. విని, తన కొట్టుకు తాళం బలంగా ఉందనుకుంది. ఆ దొంగతనం తాళం పగలగొట్టుకుని రాదని తట్టలేదు.

ముందు పరాయివాళ్ల దగ్గర కొన్నవి ఏరి ఒక పక్కకు పెట్టింది. అనుమానం ఎప్పుడూ అటే పోతుంది. మోటారుసైకిళ్ల మీద వచ్చిన గడ్డాలవాళ్లు అమ్మిన గుమ్మడిపూల హారం ఉంది. దుకాణం మూసేసి పోయిన తెల్లాయన భార్య ఇచ్చిన బిళ్లల వడ్డాణం ఉంది.

వెనకవైపు, చేసినవాడి పేరు ముద్ర కొట్టి ఉన్నవి వెంటనే తోసేసింది. పేరు కొట్టుకోవడం నిన్నమొన్నటి అలవాటు. పాతవాళ్లు కొట్టుకోలేదు, ఎవరి చెయ్యో చూడగానే అందరికీ తెలిసేది, ఇంక పేరెందుకు? రేకు వెండితో చేసినవీ తోసేసింది. అంగట్లో దొరికే రేకు అంచు నుంచి అంచు దాకా ఒకే మందంలో ఉంటుంది. నాణేలు కరిగించి, దిమ్మ పోసి, సుత్తితో సాగదీసిన వెండి అలా ఉండదు, వేలితో తడిమితే ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం తగులుతుంది. పాత వెండిలో రాగి పాలు ఎక్కువ. అలాంటిది మట్టిలో పడితే ఆ రాగి పచ్చగా బయటికి కక్కుతుంది, పైన మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. ఆమె వెతుకుతున్నది ఆ గుంటల కోసమే.

హారాన్ని పూస పూసా చూసింది. నలుపు లోయల్లో ఉంది, మిట్టల మీద అరిగిపోయింది. మెడ మీద చెమటలో బతికిన హారం అది. వడ్డాణం బిళ్లల వెనక తోలు రాపిడి ఉంది, అదీ నడుము మీద తిరిగినదే. ఒక ఉంగరం మీద పచ్చగా ఏదో కనబడింది, గీరి చూస్తే సబ్బు. ఒక్కో నగా నిర్దోషి అని తేలుతున్న కొద్దీ ఆమె తర్వాతిదాన్ని ఇంకా ఆత్రంగా లాక్కుంది. ఇన్నేళ్లుగా సరుకులో లోపం దొరక్కూడదని చూసిన కళ్లు ఇవాళ లోపం కోసం అల్లాడుతున్నాయి. దొరకలేదు. అమ్మేసిన వాటిలో ఉందేమో! ఏ ఊరికి పోయిందో, ఏ తెల్లామె చేతిన ఉందో, ఎక్కడికని పరిగెత్తాలి?

తలుపు అవతల మంచు తొక్కిన చప్పుడైంది. ముసలి కుక్క తోక ఆడించింది.

“ఒరే కుక్కా” అన్నాడు ఎల్రాయ్, తలుపుకు వీపు పెట్టి నిలబడి. “లోపలున్నావిడకు ఏమన్నా దొరికిందా?”

“కుక్కా, దొరకలేదని చెప్పు.”

అతను రైలు పట్టాలు మార్చే పనికి పోయేవాడు, పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. గొంతులో ఎగతాళి అరిగిపోయింది. “కుక్కా, నేను వెండి చదవలేను. నాకొక్కటే తెలుసు. ఆసుపత్రిలో ఆమె రెండు పూటలా తినింది. ఇక్కడికొచ్చాక మానేసింది. అక్కడ లేనిది ఇక్కడ ఉన్నదేంటో అడుగు.”

“ఇల్లు. కొట్టు. ఆయన.”

“చేతి కడియం” అన్నాడు ఎల్రాయ్.

“అది హోస్కీ ఇచ్చింది! కుక్కా, ఆయనకు చెప్పు, హోస్కీ నా గోత్రం వాడు, తమ్ముడి వరస. తమ్ముడి దగ్గర కొన్నదాన్ని అనుమానిస్తే ఇంక…”

మాట అక్కడే తెగిపోయింది. తనే తెంచుకుంది. ఎందుకంటే ఆ కడియం కొన్న పూట కళ్ల ముందుకొచ్చింది.

ఎవరిదిరా తమ్ముడూ, అని అడిగింది ఆ రోజు. మనవైపుదే అక్కా, అన్నాడు హోస్కీ. అని తల దించుకున్నాడు. అలా తల దించుకున్నవాణ్ణి ఇంకో మాట అడక్కూడదు. సొమ్ముగలవాళ్లు పోయారని దానర్థం. పోయినవాళ్ల పేరు ఎత్తించడం కంటే నీచం లేదు. ఆమె అడగలేదు. నలుగురిలో పెరిగిన ఏ నవాహో ఆడదీ అడగదు. అడగదని హోస్కీకి తెలుసు. రాయి కూచునే గూటి అంచు ఒకసారి విప్పి మళ్లీ నొక్కినట్టుందనీ, రాయి మార్చారనీ ఆమె అప్పుడే గమనించింది. తాకట్టు కొట్లవాళ్లు మంచి రాయి దొంగిలించి ఇంకోటి పెట్టడం మామూలేగా అనుకుంది. కూతురు నీళ్లోసుకుందని తెలియగానే అచ్చమైన పాత వెండి, మంచి నీలపు రాయి, బిడ్డకు కాపలా అని తన చేత్తో తొడిగింది.

“కుక్కా” అంది. “ఆయన్ని పక్కకు తప్పుకోమను. నేను బయటికొస్తున్నాను.”

*

కడియాన్ని గుడ్డతో పట్టి కూతురి చేతి నుంచి తీసి, కొట్టు కిటికీ వెలుగులోకి తెచ్చింది.

పైన కళ్లు చెదిరే నునుపు ఉంది. ముద్రల అంచులన్నీ మెత్తగా, అరిగినట్టే ఉన్నాయి. కొన్నప్పుడు ఆ అరుగుదలను చూసే వయసు కట్టింది. ఇప్పుడు చూస్తే ఆ అరుగుదలే అబద్ధం చెబుతోంది. మనిషి చెయ్యి ఎప్పుడూ సమంగా అరగదీయదు. గుర్రం పగ్గం పట్టినవాడి కడియం ఒకవైపు అరుగుతుంది, మగ్గం ముందు కూచున్నదాని కడియం ఇంకోవైపు అరుగుతుంది, తొడిగి తీసే కొనలు అన్నిటికంటే ముందు అరుగుతాయి. ఇదేమో చుట్టూ ఒకేలా అరిగింది. మెరుగు చక్రం పెట్టి అరగదీశారు. తర్వాత మందు పూసి లోయల్లో నలుపు పోశారు.

చక్రం పైపైనే తిరుగుతుంది, కడియం లోపలికి దూరదు. లోపలి వైపు తిప్పింది. సన్నగా గుంటలున్నాయి. ఒకప్పుడు చిట్లితే వేసిన మాసిక ఒకటి ఉంది, దాని అతుకు సందులో పచ్చదనం పేరుకుని ఉంది. సూది మొనతో తీసి వేలి మీద పెట్టుకుంది. సబ్బు కాదు.

ఇన్నాళ్లూ అది కూతురి నాడి మీద ఆనుకుని ఉంది. అక్కడే, తను ఇందాక దగ్గరకు నొక్కిన చోటే.

*

హోస్కీ గాలప్‌లో టైర్లు మార్చే కొట్టు వెనక రేకుల షెడ్డులో వెండి పని చేసుకుంటాడు. పికప్ ఆపి ఆమె లోపలికి నడిచేసరికి చక్రం తిరుగుతోంది, రేడియోలో ఎవరో గుర్రాల మీద పాట పాడుతున్నారు.

“అక్కా! రా రా, కాఫీ ఉంది. ఇంత మంచులో…”

ఆమె గుడ్డ విప్పి కడియాన్ని బల్ల మీద పెట్టింది. “ఇదెవరిది?”

హోస్కీ తల దించుకున్నాడు. అచ్చం ఆ రోజులాగే. “పోయినోళ్ల ఊసు నా నోటితో ఎత్తించకక్కా.”

“ఎత్తిస్తాను. తల ఎత్తు.”

“అక్కా, నువ్వు పెద్దదానివి, నీకు తెలియని మర్యాదా?”

“మర్యాద సంగతి నా కూతురు బతికాక మాట్లాడుకుందాం. ఆ తల దించుకోవడం ఎవరు నేర్పారురా నీకు? ఎంతమంది దగ్గర ఇలాగే దించావు? వంచిన తలకు కూడా ధర కట్టి అమ్ముకున్నావు కదరా, నాకంటే పెద్ద వ్యాపారివి నువ్వు!”

హోస్కీ చక్రం ఆపాడు. రేడియో కూడా ఆపాడు. అప్పుడు వినబడింది అతని ఊపిరి, పిల్లికూత పెడుతోంది. మొహం పాలిపోయి ఉంది.

“నీకూ పట్టుకుందా?” అంది.

“చలి వల్లక్కా.”

“అవును, ఆ చలి నాకూ తెలుసు. మా ఇంట్లో పడుకునుంది. చెప్పు.”

చెప్పాడు. ఎవరో ముగ్గురు గోనెసంచితో వచ్చారు. ఎర్రరాళ్ల అవతల పాత ఇల్లు పడగొడుతుంటే దొరికాయన్నారు. వాళ్ల బూట్లకున్న మట్టి చూశాడు. చూసీ ఊరుకున్నాడు. చక్రం పెట్టి పైపొర తీశాడు, పగిలిన రాళ్లు పీకి కొత్తవి పెట్టాడు.

“వాళ్లు మనోళ్లా?”

“అడగలేదు.”

“పాతిపెట్టింది ఎవర్నిరా? మనవాళ్లనా, బయటివాళ్లనా?”

“బయటోళ్లనే అక్కా, కచ్చితంగా! ఏ జూనీ తెగవాళ్లదో, ఏ తెల్లముసలమ్మదో. మనవాళ్లదైతే నేను ముట్టుకుంటానా చెప్పు?” తన మనసుకు ఇన్నాళ్లుగా చెప్పుకుంటున్న ఊరట మాటే అది. అక్కకూ ఊరట అనుకుని చెప్పాడు.

అది విని నెజ్బా టైర్ల దొంతర మీద కూలబడింది. వేసవి ఎంత దూరమో కళ్ల ముందు కనబడింది. ఆ దూరమంతా తెల్లగా ఉంది. ఎవరో ఒక నవాహో మనిషి ప్రశాంతంగా పడుకున్న గుంత తవ్వి ఉంటే బాగుండునని, ఆ పాపం మనవాళ్ల మీదే పడి ఉంటే బాగుండునని మొక్కుకోవాల్సిన రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“తీసిన పాత రాయేది?”

“పచ్చబడిపోయి ఉంది, నడిమికి చిట్లింది. ఎక్కడో పారేశాను.”

“గూట్లో అడుగున ఏముండింది?”

“చూళ్లేదక్కా. కొత్త రాయి పల్చన. అడుగున ఎత్తు కోసం వేసిన పాత దిండు ఉంటే అలాగే ఉంచి పైన జిగురేసి పెట్టేశాను. దాన్ని ఎవడు తవ్వుతాడు?”

ఆమె కడియాన్ని గుడ్డలో చుట్టి లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

“సంచిలో మిగిలినవి ఎవరికమ్మావో గుర్తు తెచ్చుకుని పెట్టు. మళ్లీ వస్తాను. తల మాత్రం దించకు.”

*

కొట్లో తండ్రి వాడిన దాగలి ముందు కూచుంది. వెండి చేతిపని ఆమెది కాదు, ఆయనది. ఆమె చూసి నేర్చుకుంది, ఆయన కొట్టి నేర్చుకున్నాడు.

కడియం ఎప్పటిదో చెప్పడం కష్టం కాలేదు. దిమ్మ పోసి సాగదీసిన నాణెపు వెండి అది. ముద్ర అచ్చులు ఎవరో ఆకురాయితో స్వయంగా కోసుకున్నవి. ఒక అచ్చుకు మూల విరిగి ఉంది, ఆ విరుపు చక్రం అరగదీసినా ప్రతి ముద్రలోనూ నీడలా మిగిలింది. అంగట్లో రేకు దొరకని కాలం, ఆమె పుట్టని కాలం. మాసిక మాత్రం తర్వాతది. అది రేకు వెండి, తేలిగ్గా కరిగే టంకం. ఆమె గొర్రెలు కాసే ఈడులో ఉన్నప్పుడు ఎవరో బాగుచేయించుకున్నారు. అంటే అప్పటికీ దీన్ని ఒక చెయ్యి తొడుక్కుంటూనే ఉంది.

కానీ ఎవరి చెయ్యి? మనవాళ్లు చేసిన వెండి అందరి ఒంటికీ ఎక్కింది. పక్క తెగలవాళ్లు గొర్రెలిచ్చి తీసుకున్నారు, రైలు దిగినవాళ్లు కొనుక్కున్నారు. చేసినవాణ్ణి వెండి చెబుతుంది, తొడుక్కున్నవాళ్లను అరుగుదల చెబుతుంది. ఆ అరుగుదలను హోస్కీ చక్రం మింగేసింది. అన్నీ చదివింది, కావాల్సిన ఒక్కటే చెరిగిపోయింది.

తలుపు అవతల కుక్క మూలిగింది. ఎల్రాయ్ అక్కడే ఉన్నాడని తెలుసు. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

మిగిలింది గూడు ఒక్కటే. సన్నని ఉలితో గూటి అంచు మెల్లగా ఎత్తింది. నీలపు రాయి ఊడి వచ్చింది. దాని పొట్టకు జిగురు పసుపుపచ్చగా మెరుస్తోంది. ఆ కింద పాత దిండు నల్లగా, గట్టిగా అణిగి ఉంది. రాయి ఎత్తుగా కూచోవడానికి అడుగున దిండు వేయడం పాతవాళ్ల పద్ధతి. ఎక్కువమంది రంపపు పొట్టు వేస్తారు, కొందరు కాఫీ సంచి కాగితం మడిచి పెడతారు, కొందరు అట్టముక్క. ఎన్ని గూళ్లు విప్పి చూడలేదు ఆమె! పొట్టు అయితే ఏమీ తేలదు. పొట్టుకు గోత్రం ఉండదు.

సూదితో గుచ్చింది. సూది దిగింది కానీ పొట్టు రాలలేదు. పీకితే పోగు సాగింది.

పోగును నీళ్లలో ముంచి వేళ్ల మధ్య నలిపింది. నలుపు వదిలింది. ఎరుపు బయటపడింది. మామూలు ఎరుపు కాదది, ఎండిన నెత్తురు కంటే ఒక పాలు ముదురు. అంగట్లో కొన్న ఎర్రగుడ్డ పోగులు పీకి, తెల్ల ఉన్నితో కలిపి వడికితే వచ్చే ఎరుపు. ఆమె తల్లి వడికిన ఎరుపు.

పొట్టు వేస్తే రాయికి ఊపిరాడదు, ఉన్ని వేస్తే నిద్రపోతుంది, అనేవాడు తండ్రి. అలా అంటూ తల్లి మగ్గం కింద రాలిన ముక్కలు ఏరుకునేవాడు. కొట్లకు అమ్మే సరుకులో ఆయన ఉన్ని వేయలేదు. ఇంట్లో ఆడవాళ్లకు చేసినవాటిలో, బాగుచేసినవాటిలో మాత్రమే వేశాడు.

తల్లి కడియం అన్న దగ్గర భద్రంగా ఉంది. అమ్మమ్మది తన చేతికే ఉంది. ఇంక మిగిలింది…

టక్, టక్, టక్. మగ్గం మీద చెక్క దువ్వెన దిగే చప్పుడు, ప్రతి దెబ్బకూ దానికి కడియం తగిలే చప్పుడు. పచ్చటి రాయి, నడిమికి బల్లి పాకినట్టు నల్లటి చార. ఆ చేతి కిందే పడుకుని నిద్రపోయేది నెజ్బా చిన్నప్పుడు. తల్లి గొర్రెల వెంట పోతే తనకు అన్నం పెట్టిన చెయ్యి అది. ఆ చెయ్యి చల్లబడినప్పుడు, అటు చూడకే అని పెద్దవాళ్లు తన మొహం తిప్పేశారు. ఎటు మోసుకుపోయారో తెలియదు, అడగలేదు.

నెజ్బా దాగలి మీద తల ఆనించింది. ఏడుపు వచ్చింది, ఆ ఏడుపులోనే నవ్వూ వచ్చింది. దేన్నీ ఆపుకోలేకపోయింది. మనవాళ్లే. దేవుడా, మనవాళ్లే! ఇంత దరిద్రపు అదృష్టం ఎవరికైనా పట్టిందా?

“కుక్కా” అంది ఎల్రాయ్ గొంతు. “ఏమైంది?”

“తాతను మూట విప్పమని చెప్పు.”

*

“ఎవరు?” అన్నాడు క్లా తాత. గుడ్డలోని కడియాన్ని చూశాడు, ముట్టుకోలేదు.

“మా పిన్ని. నన్ను పెంచినామె. పేరు…”

“పేరొద్దు. మనదే అన్నావు, అంత చాలు.” తాత నిప్పు ఎగదోశాడు. “ఒకటి గుర్తుపెట్టుకో అమ్మాయ్. తలుపు దగ్గర నిలబడి పిలుస్తున్నది నీ పిన్ని కాదు. మనిషిలో మంచంతా వెళ్లిపోయాక వెనక మిగిలే మడ్డి అది. దాన్ని చూసి నువ్వు జాలిపడ్డావంటే నీ పిల్లను వదలదు.”

“జాలిపడను తాతా.”

అన్నది కానీ, పిన్ని మీద జాలిపడకుండా ఉండటమే ఆ రోజు ఆమె చెల్లించిన పెద్ద మూల్యం.

కడియం, ఊడిన నీలపు రాయి, ఎర్ర పోగు మూడింటినీ తాత తన చేత్తోనే ఎక్కడికో తీసుకుపోయి, బూడిదతో చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. ఇది అడగకూడని చోటే.

పాటలు మొదలైనప్పుడు రోగి దగ్గర ఒకరు ఉండాలి. భర్త ఉంటే తల్లి ఉండకూడదు, తల్లి ఉంటే భర్త రాకూడదు. ఎల్రాయ్ కంబళి అవతలే నిలబడి ఉన్నాడు, అడగలేదు, అడిగే మనిషి కాదు. నెజ్బా కూతురి నుదురు తడిమి, శాలువా కప్పుకుని, “కుక్కా, నేను వెనక నుంచి పోతున్నాను. ఆయన్ని లోపలికి రమ్మను” అంది. వాళ్లిద్దరి మధ్యా జరిగిన మొదటి బేరం అది. ఆమె ఓడిపోయింది, ఓడినందుకు మొదటిసారి బాధ కలగలేదు.

మర్నాడు పొద్దెక్కింది. లోపల పాట ఆగడం లేదు. నెజ్బా కొట్టు తలుపు తీసుకుని, పొయ్యి వెలిగించకుండా కూచుంది. ఇంతలో గుర్రపు బండి దిగి ఒక ఆడమనిషి వచ్చింది, నెజ్బా ఎరిగినదే, కొండ దిగువ మనిషి. శాలువా కొస ముడి విప్పి పాత ఉంగరం బల్ల మీద పెట్టింది.

“గడ్డి అయిపోయింది నెజ్బా. దీనికేమిస్తావు?”

నెజ్బా ఉంగరాన్ని ముట్టుకోలేదు. “ఎవరిది?”

ఆ మనిషి తల దించుకుంది.

“తల ఎత్తి చెప్పమ్మా. ఎవరిది? పోయారా? పోకముందే నీ చేతికిచ్చారా?”

కొట్లో మంచుగాలి దూరినట్టయింది. ఆ మనిషి ఉంగరం లాక్కుంది. మొహం ఎర్రబడింది. “సిగ్గు లేదటే నీకు? తెల్లోళ్లతో బేరాలాడీ ఆడీ మనిషితనం అమ్ముకున్నావా? ఊళ్లో చెబుతాను, ఇంకెవరైనా నీ గడప తొక్కితే చూడు!”

బండి వెళ్లిపోయింది. చెబుతుంది. సాయంత్రానికి దిగువంతా తెలుస్తుంది, నెజ్బా పోయినవాళ్ల ఊసు అడుగుతోందని. వచ్చేవాళ్లు తగ్గుతారు, ఇదేం దయ్యపు కొట్టంటారు. లెక్క కళ్ల ముందే ఉంది, కూడి చూడాల్సిన పని లేదు. అయినా రేపు ఇంకొకరొస్తే ఇదే అడుగుతుంది. అడగని మాట ఖరీదు ఎంతో ఆమెకు తెలిసినంతగా ఆ దిగువలో ఎవరికీ తెలియదు.

లేచి, గుండ్రటింటి తలుపు పక్క గోడ దగ్గరకు పోయి, నిన్నటి దాకా ఎల్రాయ్ నిలబడిన చోట, మంచులో అతని బూట్ల గుంటల్లోనే నిలబడింది. లోపల పాట ఆగింది. గిన్నె చప్పుడైంది. ఎవరో గుక్క మింగారు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనంలో నెజ్బా గోడకు చెవి ఆనించి, వాంతి చప్పుడు కోసం ఎదురుచూసింది.

కంబళి అవతల ఎల్రాయ్ గొంతు సవరించుకున్నాడు.

“ఒరే కుక్కా” అన్నాడు. “బయటున్నావిడకు చెప్పు. జావ లోపలే ఉంది.”

కుక్క ఆమె కాళ్ల దగ్గర పడుకుని ఉంది. నెజ్బా వంగి దాని తల మీద చెయ్యి వేసింది.

“ఇంకో గుక్క పట్టమని చెప్పు” అంది.